సీసా చౌకైంది, దారి ఖర్చు తగ్గలేదు: పిల్లల టీకాలకు అంతర్జాతీయ నిధుల లెక్క

క్లుప్తంగా: పేద దేశాల పిల్లల టీకాలకు డబ్బు సమకూర్చే ప్రధాన వేదిక ‘గావి’. అందరి తరఫున ఒకేచోట బేరమాడి కొనడం వల్ల పాతికేళ్లలో టీకాల ధరలు బాగా దిగివచ్చాయి. అందులో హైదరాబాద్ కంపెనీల పాత్ర పెద్దదే. టీకాను బిడ్డ దాకా చేర్చడానికి కావాల్సిన ఫ్రిజ్‌లు, సిబ్బంది, రవాణా సంగతి వేరు. వాటికి పెట్టే డబ్బు అంత సులువుగా లెక్కకు అందదు. నిధులు తగ్గుతున్న వేళ కోత ముందుగా పడే అవకాశం అక్కడే ఎక్కువ.

2025 జూన్ 25న బ్రస్సెల్స్‌లో దాతల సదస్సు జరిగింది. 2026 నుంచి 2030 దాకా అయిదేళ్లకు 1,190 కోట్ల డాలర్లు కావాలని గావి కోరింది. సదస్సు ముగిసేసరికి వచ్చిన హామీలు 900 కోట్ల డాలర్లు దాటాయి. గేట్స్ ఫౌండేషన్ 160 కోట్ల డాలర్లు ఇస్తామంది. బ్రిటన్ 125 కోట్ల పౌండ్లు ప్రకటించింది, అంతకుముందు అయిదేళ్ల హామీ 165 కోట్ల పౌండ్లు. అమెరికా ఆరోగ్య మంత్రి రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ వీడియో సందేశం పంపి, ఇకపై తమ దేశం డబ్బు ఇవ్వబోదని చెప్పారు. టీకాల భద్రతను గావి సరిగా పట్టించుకోలేదన్నది ఆయన ఆరోపణ. గావి దాన్ని తోసిపుచ్చింది. అప్పటిదాకా గావి ఖర్చులో సుమారు 13 శాతం అమెరికాదే.

వార్తల్లో ఇది అమెరికా రాజకీయంగానే ఎక్కువగా కనిపించింది. అసలు ఈ డబ్బు ఎలా పోగవుతుంది, ఎలా ఖర్చవుతుంది, తగ్గితే ఏ ఊళ్లో ఏ పని ఆగుతుంది అన్నవి అంతగా చర్చకు రాలేదు. ఇంత డబ్బు పోసినా పిల్లలందరికీ టీకాలు ఎందుకు అందడం లేదన్న అనుమానమూ పాఠకుల్లో ఉంది. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది. టీకా కొనడం ఒక పని, వేయించడం ఇంకో పని. ఈ భాగస్వామ్యాలు మొదటి పనిలో చూపినంత నేర్పు రెండో పనిలో చూపలేకపోయాయి.

2000కు ముందు బండి ఎక్కడ ఆగింది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో పిల్లల టీకాల విస్తరణ కార్యక్రమం మొదలుపెట్టింది. క్షయ, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, పోలియో, తట్టు అప్పటి జాబితాలోని జబ్బులు. 1980లలో యునిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ దేశాధినేతల వెంటపడి మరీ దీన్ని ముందుకు నడిపించారు. మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది కూడా ఆ ఊపులోనే.

1990లలో ఆ ఊపు తగ్గింది. దాతల దృష్టి వేరే వైపు మళ్లింది. అప్పటికే హెపటైటిస్ బి, హిబ్ (పసిపిల్లల్లో న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) వంటి వాటికి కొత్త టీకాలు వచ్చాయి, కానీ ధనిక దేశాలకే. పేద దేశాలకు అవి చేరడానికి పదిపదిహేనేళ్లు పట్టేది. కారణం మామూలు వ్యాపార సూత్రమే. కొనేవాడి దగ్గర డబ్బు లేదు కాబట్టి కంపెనీ ఎక్కువగా తయారు చేయదు, తక్కువగా తయారవుతుంది కాబట్టి ధర దిగదు, ధర దిగదు కాబట్టి కొనేవాడు కొనలేడు. ఆ దశాబ్దం చివరికి ఏటా సుమారు 3 కోట్ల మంది పిల్లలకు ప్రాథమిక టీకాలు పూర్తిగా అందడం లేదు.

ఈ చిక్కుముడి విప్పడానికే 2000 జనవరిలో దావోస్‌లో గావి పుట్టింది. పూర్తి పేరు గ్లోబల్ అలయన్స్ ఫర్ వ్యాక్సిన్స్ అండ్ ఇమ్యునైజేషన్. గేట్స్ ఫౌండేషన్ అయిదేళ్లకు ప్రకటించిన 75 కోట్ల డాలర్లు తొలి పెట్టుబడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు, దాత దేశాలు, టీకాలు తీసుకునే దేశాలు, తయారీ కంపెనీలు, పౌర సంస్థలు అందరూ ఒకే బోర్డులో కూర్చుంటారు. టీకాలు అమ్మే కంపెనీలకు, వాటిని కొనే సంస్థలో కుర్చీ ఉండటం సబబేనా అన్న వాదన మొదటి నుంచీ ఉంది. అది తేలికగా కొట్టిపారేయదగ్గ వాదన కాదు. అయితే సరఫరా ప్రణాళిక ముందే పంచుకోవడం వల్ల కొరత తగ్గిందన్నదీ నిజమే.

కొనేది ఒకరు, అమ్మేది పదిమంది

పెంటావాలెంట్ టీకా కథ చూస్తే ధర ఎలా దిగుతుందో స్పష్టంగా తెలుస్తుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్, ఈ అయిదింటికీ ఒకే సూది. మన ఊళ్లలో ఆరు వారాల పసిబిడ్డ ఎడమ తొడకు వేసే ‘పెంటా’ ఇదే. 2001 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర ఉన్న తయారీదారు ఒక్కటే, డోసు ధర మూడున్నర డాలర్ల పైమాటే.

ఆ ముద్రనే ప్రీక్వాలిఫికేషన్ అంటారు. అది లేనిదే యునిసెఫ్ కొనదు. యునిసెఫ్ కొనకపోతే గావి డబ్బు అందదు. అందుకే తయారీదారుకు అది మార్కెట్ యార్డు గేటు లాంటిది. గావి దేశాలన్నిటి అవసరాన్ని కలిపి, కోపెన్‌హేగన్‌లోని యునిసెఫ్ సరఫరా విభాగం ఏళ్ల తరబడి ఇంత కొంటామని చెప్పడంతో భారతీయ కంపెనీలు ఆ గేటు ముందు బారులు తీరాయి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని బయొలాజికల్-ఇ, శాంతా బయోటెక్నిక్స్ వాటిలో ఉన్నాయి. 2016లో యునిసెఫ్ కుదుర్చుకున్న ఒప్పందాల్లో సగటు ధర 84 సెంట్లకు పడింది. మూడున్నర డాలర్ల సరుకు డాలరు లోపుకొచ్చింది.

హైదరాబాద్‌కు ఈ బాట కొత్తది కాదు. దిగుమతి చేసుకునే హెపటైటిస్ బి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, 1997లో శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారు చేసి ధర దించింది. విరేచనాలు కలిగించే రోటావైరస్‌కు భారత్ బయోటెక్ చేసిన ‘రోటావాక్’ తీసుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో శిశువుల నుంచి వేరుచేసిన వైరస్ రకమే దానికి మూలం. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా పరిశోధన సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, పాత్ అనే సంస్థ కలిసి దానికి వెన్నుదన్నుగా నిలిచాయి. డోసుకు డాలరు ధర అని ముందే మాట ఇచ్చారు. 2016లో దేశంలో రోటావైరస్ టీకా మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకాకు 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర దక్కింది.

రెండు హైదరాబాదులు

ఈ ఏర్పాటు సక్రమంగా నడిస్తే ఏం చేయగలదో చెప్పే ఉదాహరణ పాకిస్తాన్‌లో ఉంది. 2016 నవంబర్ నుంచి సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో మొండి టైఫాయిడ్ కేసులు వరసగా బయటపడ్డాయి. లతీఫాబాద్, ఖాసిమాబాద్ ప్రాంతాల్లో ఎక్కువ. మామూలుగా వాడే యాంటీబయాటిక్స్ అయిదు రకాలకు ఆ బ్యాక్టీరియా లొంగలేదు. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అది కూడా పనిచేయకపోతే ఆసుపత్రిలో ఖరీదైన ఇంజెక్షన్లే దిక్కు. అజిత్రోమైసిన్‌కు కూడా లొంగని రోజు వస్తే ఏం చేయాలన్నది అక్కడి పిల్లల డాక్టర్లను వెంటాడిన భయం.

అప్పటికే మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ‘టైప్‌బార్ టీసీవీ’ అనే టైఫాయిడ్ టీకా తయారు చేస్తోంది. పాత టైఫాయిడ్ టీకాలు రెండేళ్ల లోపు పిల్లలకు పనిచేయవు, ఇది ఆరు నెలల బిడ్డకూ వేయవచ్చు. 2017 నవంబర్‌లో గావి బోర్డు టైఫాయిడ్ టీకా కోసం 8.5 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ తర్వాత కొద్ది వారాలకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర వచ్చింది. ముందుగా సింధ్ హైదరాబాద్‌లో అత్యవసరంగా టీకాలు వేశారు. 2019 నవంబర్‌లో గావి మద్దతుతో సింధ్ పట్టణ ప్రాంతాలన్నిటా రెండు వారాల పాటు పెద్ద కార్యక్రమం నడిచింది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు 90 లక్షల మందికి పైగా టీకా వేయించుకున్నారు. తర్వాత తొమ్మిది నెలల పిల్లల టీకాల్లో దాన్ని శాశ్వతంగా చేర్చారు. ఈ రకం టీకాను జాతీయ కార్యక్రమంలోకి తీసుకున్న మొదటి దేశం పాకిస్తానే.

2019 అంటే రెండు దేశాల మధ్య వాణిజ్యం దాదాపు ఆగిపోయిన ఏడాది. ఆ సమయంలో ఒక హైదరాబాద్ మందు ఇంకో హైదరాబాద్ పిల్లలకు చేరిందంటే, మధ్యలో అందరూ నమ్మే కొనుగోలుదారు ఒకరు ఉండబట్టే. దేశానికీ దేశానికీ నేరుగా జరిగే సాయంలో ఇది సాధ్యమయ్యేది కాదు. ఉమ్మడి నిధికి ఉన్న ఈ విలువ డాలర్ల లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

చిట్టీ పాట, మద్దతు ధర

దాతలు ఏటా ఇచ్చే డబ్బు మీదే గావి ఆధారపడలేదు. రెండు ఆర్థిక ఏర్పాట్లు చేసుకుంది. పేర్లు వింటే కష్టంగా తోస్తాయి కానీ, వాటి పద్ధతి మనకు తెలిసిందే.

మొదటిది 2006లో వచ్చిన అంతర్జాతీయ టీకా ఆర్థిక సదుపాయం. దాత దేశాలు ఇరవై ఏళ్ల దాకా ఏటా ఇంత ఇస్తామని చట్టబద్ధంగా రాసిస్తాయి. ఆ కాగితం చూపించి మార్కెట్లో బాండ్లు అమ్మి, డబ్బు ఇప్పుడే తెచ్చుకుంటారు. తర్వాత దాతలు కట్టే వాయిదాలతో బాండ్లు తీరుస్తారు. బిడ్డ పెళ్లికో కాలేజీ ఫీజుకో చిట్టీని మొదటి నెలల్లోనే పాడుకున్నట్టు. 2006 నవంబర్‌లో తొలి బాండ్ల అమ్మకంలో 100 కోట్ల డాలర్లు వచ్చాయి. బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ, నార్వే, స్పెయిన్, స్వీడన్ మొదట్లో హామీ ఇచ్చినవి. లెక్కల పద్దు ప్రపంచ బ్యాంకు చూస్తుంది. పాడుకున్న చిట్టీకి ఉన్న ఇబ్బందే దీనికీ ఉంది. వడ్డీ భారం పడుతుంది, ఒకసారి వాడేసిన వాయిదాలు మళ్లీ దొరకవు. అయితే టీకాల విషయంలో ముందు ఖర్చుకు ఒక న్యాయం ఉంది. ఈ ఏడాది పుట్టిన బిడ్డ అయిదేళ్ల తర్వాత వచ్చే డబ్బు కోసం ఆగలేదు.

రెండోది ముందస్తు కొనుగోలు హామీ. విత్తు నాటకముందే పంటకు మద్దతు ధర ప్రకటించడం లాంటిది. న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ మీద పనిచేసే టీకా కోసం 2009లో ఇటలీ, బ్రిటన్, కెనడా, రష్యా, నార్వే, గేట్స్ ఫౌండేషన్ కలిసి 150 కోట్ల డాలర్లు పక్కన పెట్టాయి. తయారు చేసి తెచ్చినవారికి మొదటి విడత డోసులకు 7 డాలర్లు, ఆ తర్వాత పదేళ్లపాటు గరిష్ఠంగా మూడున్నర డాలర్లు. ఫలితం వెంటనే కనిపించింది. ధనిక దేశాల్లో కొత్త రకం టీకా వచ్చిన ఏడాదీ రెండేళ్లకే నికరాగువా, కెన్యా పిల్లలకు అందింది.

విమర్శ కూడా గట్టిదే. హామీ డబ్బులో పెద్ద వాటా ఫైజర్, గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీలకు వెళ్లింది. ఆ టీకాలు ధనిక దేశాల కోసం ఎలాగూ తయారవుతున్నవే కదా, మరి ప్రోత్సాహం ఎవరికి, ధర ఇంకా తగ్గించరేం అని ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’ ఏళ్ల తరబడి అడిగింది. పోటీని నిజంగా పెంచిన కొత్త తయారీదారు సీరం ఇన్‌స్టిట్యూట్‌కు ముద్ర దక్కింది 2019 డిసెంబర్‌లో, ధర డోసుకు 2 డాలర్లు. మద్దతు ధర పెద్ద రైతుకు ముందు అందినట్టే అయింది ఇక్కడా. మన దేశంలో ఈ టీకా 2017లో గావి తోడ్పాటుతో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటికీ విస్తరించింది.

సీసా తర్వాత మొదలయ్యే ఖర్చు

ధర సంగతి ఇలా ఉంటే, సీసా పీహెచ్‌సీకి చేరాక ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడాలి. బుధవారం, శనివారం టీకాల రోజు. పొద్దున్నే డీప్ ఫ్రీజర్ లోంచి ఐస్ ప్యాకులు తీసి బల్ల మీద పెడతారు. వెంటనే క్యారియర్‌లో, అంటే టీకాలు మోసుకెళ్లే చల్లటి పెట్టెలో, సర్దకూడదు. ప్యాకు పైన చెమట పట్టాలి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి. అప్పుడే నాలుగు ప్యాకులూ క్యారియర్ గోడల వెంట నిలబెట్టి మధ్యలో టీకాలు పెడతారు. తొందరపడి గడ్డకట్టిన ప్యాకు పక్కనే పెంటా సీసా పెడితే మందు గడ్డకట్టి పాడవుతుంది. కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. సీసా మీది గుర్తు, వృత్తం మధ్యలో ఉండే తెల్ల చదరం, వేడి తగిలితేనే నల్లబడుతుంది, చలికి పాడైతే చెప్పదు. ఏ డబ్బాలోనూ దొరకని అరగంట ఓపిక అది, ఆ ఓపిక ఉన్న మనిషికి జీతం అందాలి.

అంగన్‌వాడీకి చేరాక తట్టు-రుబెల్లా సీసా తెరవాలా వద్దా అన్నది ఇంకో పరీక్ష. ఒక్కసారి కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. పెంటాకైతే నిబంధనలు పాటిస్తే తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడుకోవచ్చు. కొండ మీది గూడెంలో ఆ రోజు వచ్చింది ఒక్క బిడ్డే అయితే, పది డోసుల తట్టు సీసా తెరిస్తే తొమ్మిది వృథా. తెరవకపోతే ఆ తల్లి ఒక పూట కూలి పోగొట్టుకుని మళ్లీ రావాలి, రాకపోవచ్చు కూడా. వృథా తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉంటే ఏఎన్‌ఎం సీసా తెరవదు. లెక్కల్లో పొదుపు కనిపిస్తుంది, ఊళ్లో తట్టు మిగులుతుంది. ఒక్క బిడ్డ వచ్చినా తెరవాలన్నదే సరైన నియమం, ఆ వృథాను ఖర్చులో భాగంగా ముందే లెక్కగట్టుకోవాలి.

మొదటి పెంటా వేయించుకున్న రాత్రి బిడ్డకు జ్వరం రావచ్చు. అది మామూలేనని, పారాసెటమాల్ చుక్కలు వేస్తే తగ్గుతుందని ముందే చెప్పే ఆశ కార్యకర్త ఉంటే తల్లి రెండో డోసుకూ వస్తుంది. లేకపోతే ‘సూది వేశాక బిడ్డ ఏడుస్తూనే ఉంది’ అన్న మాట వీధంతా పాకుతుంది. మొదటి డోసుకూ మూడో డోసుకూ మధ్య పిల్లలు జారిపోయేది ఇలాంటి చోటనే.

ఆరోగ్య వ్యవస్థ బలోపేతం అని పత్రాల్లో రాసేది ఈ పనులనే. గావి దీనికోసం 2000ల మధ్యలోనే ప్రత్యేక పద్దు తెరిచింది. కరెంటు లేని పల్లెల కోసం సౌర ఫ్రిజ్‌లు, టీకా నిల్వలను మొబైల్‌లో చూసే ఏర్పాట్లకు సాయం చేసింది. మన దేశంలో ఏ కేంద్రంలో ఎన్ని డోసులున్నాయి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత ఎంత అని చూపించే ‘ఈవిన్’ కూడా ఆ తోడ్పాటుతోనే, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం చేతుల మీదుగా వచ్చింది. ఫ్రిజ్‌లు, ఫోన్ల దాకా బాగానే నడిచింది. జీతాలు, ప్రయాణ బత్తాలు, పర్యవేక్షణ దగ్గరే దాతలు తటపటాయిస్తారు. ఎందుకంటే అవి ఏటా వచ్చే ఖర్చులు, ఎన్నటికీ ముగియవు.

బిడ్డకు ఇరవై డాలర్లు

వ్యవస్థకు డబ్బు ఎలా ఇవ్వాలన్నది గావి మొదటి దశాబ్దంలోనే దెబ్బతిని నేర్చుకున్న పాఠం. అదనంగా టీకాలు వేసిన ప్రతి బిడ్డకూ 20 డాలర్లు ఆ దేశానికి ఇస్తామన్నారు. ఖర్చు ఎలా చేసుకోవాలో ఆ దేశం ఇష్టం. ఆలోచన చక్కగానే ఉంది, ఫలితం చూపిస్తేనే డబ్బు. కానీ ఫలితాన్ని లెక్కపెట్టేదీ, డబ్బు తీసుకునేదీ ఒకరే. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రభుత్వ రిజిస్టర్లను ఇంటింటి సర్వేలతో పోల్చింది. దేశాలు చెప్పిన అదనపు పిల్లలు 1.39 కోట్లు, సర్వేల అంచనాలో తేలింది 74 లక్షలు. తర్వాత గావి ఆ పద్ధతి మార్చుకుంది.

దీనికి భిన్నమైన మార్గం పాకిస్తాన్ పోలియో కార్యక్రమంలో కనిపిస్తుంది. 2011లో జపాన్ సహకార సంస్థ జైకా సుమారు 500 కోట్ల యెన్ల రుణం ఇచ్చింది. అనుకున్న లక్ష్యాలు చేరితే ఆ అప్పు గేట్స్ ఫౌండేషన్ తీరుస్తుందన్నది షరతు. లక్ష్యం చేరలేదంటే పాకిస్తాన్ ఖజానాయే కట్టుకోవాలి. లక్ష్యాలు చేరాయని తేలాక ఫౌండేషన్ తీర్చింది. నైజీరియాకూ ఇదే పద్ధతి వాడారు. ఇక్కడ తల ఒక్కింటికి లెక్క కట్టలేదు, పని జరిగిందా లేదా అని మొత్తంగా చూశారు. చిన్న అంకె మార్చితే డబ్బు పెరిగే వీలు లేకపోవడమే ఇందులో మేలు.

లాటిన్ అమెరికా దేశాల దారి ఇంకొకటి. అక్కడి ఆరోగ్య సంస్థ 1970ల చివరి నుంచే ఉమ్మడి నిధి నడుపుతోంది. దానం కాదు, ఎవరి డబ్బు వారిదే, కొనుగోలు మాత్రం అందరిదీ కలిపి. పేద దేశానికో ధర, కాస్త ఉన్న దేశానికో ధర అన్న గావి పద్ధతికి, ‘అందరికంటే తక్కువ ధర మాకే’ అనే ఆ నిధి షరతుకు మధ్య తగవు చాలాకాలం నడిచింది.

చేయి వదిలే వేళ

గావి సాయం శాశ్వతం కాదు. తలసరి ఆదాయం పెరిగేకొద్దీ ఆ దేశం తన వాటా పెంచుకోవాలి. అతి పేద దేశాలు డోసుకు 20 సెంట్లు కడతాయి. ఆ మెట్టు దాటితే వాటా ఏటా 15 శాతం పెరుగుతుంది. ఆదాయం మరో గీత దాటితే కొన్నేళ్ల గడువులో మొత్తం ఖర్చు తనే భరించాలి. ఇలా ఇప్పటికి 19 దేశాలు బయటికొచ్చాయి. ఒకప్పుడు సాయం తీసుకున్న ఇండోనేసియా 2024లో దాతగా మారింది.

చైనా ఈ దారిని ముందుగానే, చక్కగా నడిచింది. 2002లో పశ్చిమ రాష్ట్రాల్లోనూ, మధ్య రాష్ట్రాల పేద జిల్లాల్లోనూ హెపటైటిస్ బి టీకా ఉచితంగా వేయడానికి గావి 3.8 కోట్ల డాలర్లు, చైనా ప్రభుత్వం సరిగ్గా అంతే వేసుకున్నాయి. తల్లిదండ్రుల దగ్గర టీకా డబ్బు వసూలు చేసే అలవాటు పోయింది. దేశవ్యాప్తంగా అయిదేళ్ల లోపు పిల్లల్లో ఆ వైరస్ మోసేవారు 1992లో 9.7 శాతం, 2006కు 1 శాతం, 2014కు 0.3 శాతం. గావి డబ్బు చైనా బడ్జెట్‌లో ఆవగింజంత. అది పనిచేసింది, అప్పటికే ఊరూరా టీకా వేసే మనుషులు ఉన్నందువల్ల.

అంగోలా దీనికి ఎదురు ఉదాహరణ. చమురు అమ్మకాలతో తలసరి ఆదాయం గీత దాటింది, 2018లో గావి సాయం ముగిసింది. చమురు ధర పడింది, ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలు మాత్రం ముందున్నట్టే ఉన్నాయి. ఒక్క టీకా కూడా అందని పిల్లలు ఎక్కువగా ఉన్న తొమ్మిది దేశాల జాబితాలో ఇవాళ అంగోలా ఉంది. తలసరి ఆదాయం అన్న ఒక్క కొలతతో చేయి వదలడం ఎంత ప్రమాదమో ఇది చూపించింది. నైజీరియా విషయంలో గావి ఆ తప్పు చేయలేదు, గడువును 2028 దాకా పొడిగించింది.

భారత్ పరిస్థితి వేరు. మన టీకాల ఖర్చులో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వానిదే. కొత్త టీకాలు మొదలుపెట్టడానికి 2016-2021 మధ్య 50 కోట్ల డాలర్ల దాకా గావి తోడ్పాటు ఉంది. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల బడుల్లో పెద్ద ఎత్తున జరిగిన తట్టు-రుబెల్లా కార్యక్రమం కూడా గావి సాయం ఉన్న జాతీయ కార్యక్రమంలో భాగమే. ఆ తర్వాతి విడత సాయం 25 కోట్ల డాలర్లకు తగ్గి, టీకా అందని పిల్లలను చేరుకోవడం మీదికి మళ్లింది. గావికి భారత్ దాత కూడా. పోలియో కోసం 1997లో మొదలైన నిఘా బృందాలను పోలియో పోయాక రద్దు చేయకుండా, తట్టు నిఘాకూ మామూలు టీకాల పర్యవేక్షణకూ వాడుకోవడం మన దేశం చేసిన తెలివైన పని. ఆఫ్రికాలో చాలాచోట్ల పోలియో డబ్బు తగ్గగానే ఆ సిబ్బందినీ కోల్పోయారు.

2026 నుంచి ఏం మారవచ్చు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో 1.43 కోట్ల మంది శిశువులకు ఒక్క టీకా కూడా పడలేదు. వారిలో సగానికి పైగా తొమ్మిది దేశాల పిల్లలే. నైజీరియా మొదటి స్థానంలో, భారత్ రెండో స్థానంలో ఉన్నాయి. మన సంఖ్య 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు. జాబితాలో ఉన్న మిగతా దేశాలు సూడాన్, డీఆర్ కాంగో, ఇథియోపియా, ఇండోనేసియా, యెమెన్, అఫ్గానిస్తాన్, అంగోలా. యుద్ధం, వలస, కొండలు, ఎడారులు, నగరాల మురికివాడలు. ఈ పిల్లల దాకా వెళ్లడానికి సీసా ధర ఎంతన్నది అంత పెద్ద ప్రశ్న కాదు, అక్కడికి మనిషిని పంపడానికి ఎంతవుతుందన్నదే ప్రశ్న.

బడ్జెట్ కుదించాల్సి వచ్చినప్పుడు కోత ఎక్కడ పడుతుందో ఊహించడం కష్టం కాదు. టీకాల కొనుగోలుకు ఒప్పందాలుంటాయి, కంపెనీలుంటాయి, ఇన్ని డోసులు తగ్గితే ఇన్ని ప్రాణాలని చెప్పే లెక్క ఉంటుంది. పర్యవేక్షకుడి బండి పెట్రోలుకు, ఏఎన్‌ఎం శిక్షణకు అలాంటి లెక్క ఉండదు, దాన్ని వెనకేసుకొచ్చేవారూ తక్కువే. ఆరోగ్య నిధులు ఇచ్చే తీరు మారాలంటూ 2023 డిసెంబర్‌లో వెలువడిన ‘లుసాకా అజెండా’ అనే పత్రం ఈ చిక్కునే పట్టుకుంది. గావి, గ్లోబల్ ఫండ్ (ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరుకు డబ్బిచ్చే సంస్థ), ప్రపంచ బ్యాంకు వంటి వేర్వేరు నిధులు ఒకే ఆరోగ్య శాఖ దగ్గర వేర్వేరు నివేదికలు, వేర్వేరు తనిఖీలు అడగడం మానేసి, దేశం వేసుకున్న ఒకే ప్రణాళికలో డబ్బు కలపాలన్నది దాని సారం. నిధులు పుష్కలంగా ఉన్నప్పుడు సాగని ఆ కలయిక, కొరత వచ్చాకైనా సాగుతుందేమో చూడాలి. డబ్బు తగ్గినా పని తగ్గకుండా చూసుకునే మార్గం ప్రస్తుతానికి అదొక్కటే.

తట్టు ఈ లెక్కలన్నిటికీ మొదటి హెచ్చరిక ఇస్తుంది. దాన్ని ఆపాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. 2024లో ప్రపంచవ్యాప్తంగా మొదటి డోసు 84 శాతానికి, రెండోది 76 శాతానికే అందింది. ఆ ఏడాది 60 దేశాల్లో పెద్దఎత్తున తట్టు ప్రబలింది. 2022లో అలాంటి దేశాలు 33.

హైదరాబాద్ తయారీదారులకు ఇది నేరుగా తగిలే సంగతి. ఆఫ్రికా పిల్లల కోసం వచ్చిన మలేరియా టీకాల్లో ఒకటైన ఆర్‌టీఎస్,ఎస్ తయారీ గ్లాక్సో స్మిత్‌క్లైన్ నుంచి భారత్ బయోటెక్‌కు మారుతోంది. 2028 నాటికి డోసు ధర 5 డాలర్ల లోపుకు తెస్తామని రెండు కంపెనీలూ 2025 జూన్‌లో, బ్రస్సెల్స్ సదస్సు వేళే ప్రకటించాయి. 2024 జనవరిలో కామెరూన్‌తో మొదలై ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు మలేరియా టీకాను తమ కార్యక్రమాల్లో చేర్చుకున్నాయి. సీసా ధర తగ్గించే పని ఇక్కడా అనుకున్నట్టే సాగుతోంది. అయితే ఈ టీకాకు నాలుగు డోసులు కావాలి. మామూలుగా మొదటిది అయిదో నెలలో, తర్వాతివి ఆరు, ఏడు నెలల్లో, నాలుగోది రెండేళ్ల వయసు దగ్గర. అయిదు, ఆరు, ఏడు నెలల్లో చాలా దేశాల్లో వేరే టీకా ఏదీ ఉండదు. ఆ మూడు రోజులూ, రెండేళ్ల నాటి ఇంకో రోజూ తల్లి బిడ్డనెత్తుకుని మళ్లీ నడిచి రావాలి, అక్కడ క్యారియర్‌తో ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండాలి. ఆ నాలుగు రోజుల ఖర్చు ఏ దేశం ఏ పద్దులో రాసుకుంటుందో వచ్చే అయిదేళ్ల బడ్జెట్లలో తేలుతుంది.